నలభై ఏడు నిమిషాల కాగితం

ఆస్పత్రి రికార్డుల కౌంటరు ముందున్న బెంచీ మీద టీచరు కూర్చోవడం అది ఏడోసారి. బెంచీకి ఒక కాలు పొట్టి. కదిలితే కిర్రుమంటుంది. కిటికీ మూసేముందు లోపలి గుమస్తా ఒకసారి గట్టిగా దగ్గుతాడు. ఇవన్నీ ఆమెకి కంఠతా వచ్చేశాయి. బడిలో పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి ఓపిక అలవాటైందనుకునేది గానీ, ఆ ఓపిక కాస్తా ఈ బెంచీ మీదే అరిగిపోయింది.

పక్కన వదిన, అంటే భర్తకి అక్క, ఒళ్ళో చిట్టిని పడుకోబెట్టుకుని ఉంది. చిట్టికి ఏడాదిన్నర. ఇంకా మెడ నిలబడలేదు. పాలు చెంచాతో పోస్తే మింగడానికి గంట పడుతుంది. ఉన్నట్టుండి ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, కళ్ళు పైకి వెళ్ళిపోతాయి. అలాంటప్పుడు వదిన గబుక్కున పిల్లని పక్కకి తిప్పి, వీపు మీద చెయ్యి వేసి, "ఏం లేదు, ఏం లేదు, అయిపోయింది" అంటూ ఉంటుంది. కుట్టుమిషన్ కొట్టు మూసుకుని మరీ ఆవిడ ఈ ఆస్పత్రికి తిరుగుతోంది.

చిట్టి పుట్టిన రోజు మధ్యాహ్నం టీచరుని ప్రసూతి వార్డులో మూడో మంచం మీద పడుకోబెట్టి, పొట్ట చుట్టూ బెల్టు బిగించారు. బిడ్డ గుండె చప్పుడు పక్కనున్న మిషన్‌లోంచి గదంతా వినిపించేది, గుర్రం పరిగెడుతున్నట్టు. మిషన్ నోట్లోంచి సన్నటి కాగితం గీతలు గీసుకుంటూ కిందకి జారేది. రెండు దాటాక ఆ పరుగు మందగించింది. అది ఆమెకి బాగా గుర్తు. ఆ తర్వాత అన్నీ ముక్కలు ముక్కలుగానే. ఒక పెద్ద నర్సు ఒక్కతే అయిదు మంచాల మధ్య పరుగులు తీయడం. రబ్బరు చెప్పుల చప్పుడు. "ఎడమ పక్కకి తిరుగమ్మా, ఎడమ పక్కకి" అని చెవి దగ్గర గొంతు. చివరికి బిడ్డ పుట్టింది. ఏడవలేదు. మెడకి పేగు చుట్టుకుని, నీలంగా, తడిబట్టలా వేలాడుతూ ఉంది.

రెండో రోజుగానీ పిల్లని ఇంకో పెద్దాస్పత్రికి పంపలేదు. అక్కడి పిల్లల డాక్టరు అంతా చూసి, "పుట్టేటప్పుడు మెదడుకి ఆక్సిజన్ అందలేదమ్మా. ఒళ్ళు చల్లబరిచే వైద్యం ఒకటుంది. ఆరు గంటల లోపల మొదలుపెట్టి ఉంటే కొంతైనా..." అని సగంలో ఆపేశాడు. ఆ సగం మాట ఏడాదిన్నరగా ఆమె చెవిలో ముల్లులా ఉండిపోయింది.

ఇంటికి పంపేటప్పుడు ఈ ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన కాగితంలో మాత్రం రెండే మాటలు. "ప్రసవం సాధారణం. తల్లి సరిగా సహకరించలేదు."

అత్తగారు ఏమీ అనలేదు. భర్త ఏమీ అనలేదు. బంధువులు మాత్రం పరామర్శకి వచ్చి ఆ కాగితం చదివి, తలుపు దాటాక గుసగుసలాడుకున్నారు. రాత్రిళ్ళు ఆమే తనని తాను అడుక్కునేది. నిజంగానే నేను సరిగా నొప్పులు తియ్యలేదా?

అందుకే ఆమెకి ఆ గీతల కాగితం కావాలి. ఆ మధ్యాహ్నం ఎన్ని గంటలకి గుండె తగ్గింది, ఎంతసేపటికి ఎవరొచ్చారు అన్నది దానికే తెలుసు. ఫైలులో అన్నీ ఉన్నాయి. రక్తపరీక్షలు ఉన్నాయి, ఆమె చెప్పులు పోయాయని రాసిచ్చిన చీటీ కూడా ఉంది. ఆ కాగితం మాత్రం రెండు గంటలా నాలుగు నిమిషాల దగ్గర కత్తిరించి ఉంది. బిడ్డ పుట్టింది రెండూ యాభై ఒకటికి. మధ్యలో నలభై ఏడు నిమిషాలు లేవు.

గుమస్తా కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి అర్జీ చూశాడు. "ఇది పోయిన నెల అర్జీ. కొత్తది పెట్టాలి."

"పోయిన నెల మీరే కదండీ నెల ఆగమన్నారు?" అంది టీచరు.

"ఆగమన్నాను. అర్జీని ఆగమనలేదు."

వదిన లేచి నిలబడింది. "బాబూ, నీకు పుణ్యముంటుంది. మేం చంకలో పిల్లనేసుకుని ఏడుసార్లు తిరిగాం. నీ కిటికీకి మేం అరిగిపోయాం గానీ నీ కిటికీ అరగలేదు. ఉందో లేదో ఒక్క ముక్క చెప్పు."

గుమస్తా చిట్టి వంక చూశాడు. పిల్ల పెదవి పక్కన కారుతున్న చొంగని వదిన కొంగుతో తుడిచింది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించాడు.

"నా దగ్గర లేదమ్మా. ఉంటే గింటే పాత ప్రసూతి బ్లాకులో ఉంటుంది. ఆ వార్డు కొత్త భవనంలోకి మారిపోయింది కదా. మిగిలిన కాగితాలన్నీ అక్కడ స్టోరు గదిలో పడేశారు. రేపు పొద్దున లారీ వస్తుంది. అంతా చిత్తుకి పోతుంది."

"రేపా?"

"రేపే. నేను మీకేం చెప్పలేదు. మీరేం వినలేదు. కాపలా ఆయన్ని అడగండి."

"ఆ రోజు డ్యూటీలో ఒక పెద్ద నర్సు ఉండేది. ఆవిడని అడిగితే..."

"ఆవిడ పోయి నాలుగు నెలలైంది." గుమస్తా కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ బ్లాకులోనే. ఫోను దగ్గర కుర్చీలో కూర్చునే ఉంది. నిద్రపోతోందనుకున్నారు." అని దగ్గి, కిటికీ మూసేశాడు.

* * *

పాత బ్లాకు ఆస్పత్రి ఆవరణ చివర ఉంది. మధ్యాహ్నమే అయినా వాన మబ్బు కమ్మి లోకమంతా బూడిద రంగులో ఉంది. వదిన పిల్లతో వరండా అంచున కూర్చుంది. కాపలా ముసలాయన తాళం తీసి, టార్చి చేతికిచ్చాడు.

"కరెంటు పీకేశారు. కిటికీలకి రేకులు కొట్టేశారు. తిన్నగా వెళ్తే వార్డు, దాని వెనక స్టోరు. నేను గుమ్మం దగ్గరే ఉంటా."

"లోపలికి రారా?"

"మోకాళ్ళ నొప్పులమ్మా."

"లోపల మెట్లు లేవుగా?"

"లేవు. అయినా నొప్పే." ఆయన ఆమె మొహం వైపు చూడకుండా బీడీ వెలిగించుకున్నాడు.

ఆమెకి భయం కంటే ముందు కోపమే వచ్చింది. తన కాగితం కోసం తనే చీకట్లో వెతుక్కోవాలి. తప్పు చేసినవాళ్ళు ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని ఉంటారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని లోపలికి నడిచింది.

నాలుగడుగులు వెయ్యగానే వాన చప్పుడు దూరమైపోయింది. లోపల గాలి కదలడం లేదు. చెమ్మగిల్లిన సున్నం వాసన, దానికింద పాత ఫినాయిలు వాసన, ఇంకా కిందెక్కడో తుప్పు వాసన. రక్తం ఎండితే వచ్చే వాసన అది. ఆ వాసన ఆమె కాళ్ళు గుర్తుపట్టాయి. తెలియకుండానే అవి వార్డు వైపు తిరిగాయి.

అయిదు ఇనప మంచాలు, పరుపుల్లేకుండా, పక్కటెముకల్లా. టార్చి వెలుగు మూడోదాని మీద పడగానే ఆమె చూపు తిప్పుకుంది. గోడకి ఒక ఫోను, తీగ తెగి వేలాడుతూ. దాని కింద ఒక కుర్చీ.

స్టోరు గదిలో అట్టపెట్టెలు నడుం ఎత్తున ఉన్నాయి. వాటి నిండా మడతలు పెట్టిన గీతల కాగితాలు. రబ్బరు బ్యాండ్లు ఎండిపోయి, ముట్టుకుంటే పొడిపొడి అవుతున్నాయి. ఎంతమంది తల్లులో, ఎన్ని గుండెలో. తేదీ వరస లేదు, పేరు వరస లేదు. ఆమె నేల మీద కూలబడి ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. ఒక పెట్టె. రెండు. మూడు. వేళ్ళకి దుమ్ము, కళ్ళల్లో నీళ్ళు. "ఒక్క పని... ఒక్కటంటే ఒక్క పని సరిగ్గా చెయ్యరు కదా," అని పళ్ళు కొరుకుతూ తనలో తనే తిట్టుకుంది.

నాలుగో పెట్టె మూత తీస్తుండగా వినిపించింది.

టక్ టక్ టక్ టక్.

వాన చినుకులనుకుంది. పైకప్పు కారుతోందేమో. కానీ అది వార్డులోంచి వస్తోంది. వేగంగా, వరసగా, తడితడిగా. గుర్రం పరిగెడుతున్నట్టు.

ఆమె చేతులు ఆగిపోయాయి.

కరెంటు లేదు. మిషన్లు లేవు. అయిదు ఇనప మంచాలు తప్ప ఏమీ లేవు. తను చూసింది.

టక్ టక్ టక్... టక్ టక్...

మందగిస్తోంది.

"వద్దు," అంది ఆమె, పైకే.

టక్... టక్...

రబ్బరు చెప్పుల చప్పుడు. ఈ చివర నుంచి ఆ చివరకి. ఆగింది. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి, ఇంకా వేగంగా. తర్వాత తీగ తెగిన ఫోను మీద ఎవరో అంకెలు నొక్కుతున్న చప్పుడు. ఎక్కడో చాలా దూరంలో ఇంకో ఫోను మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.

ఆమె పరిగెత్తి ఉండాల్సింది. కానీ ఏడాదిన్నర తిరుగుడు ఆమెని కదలనివ్వలేదు. రేపు లారీ వస్తుంది. పెట్టె బోర్లించింది. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని కాగితాలు కెలికింది. దూరంగా ఆ ఫోను మోగుతుండగానే, ఆ చెప్పులు ఇటూ అటూ పరిగెడుతుండగానే, ఒక కాగితం చివర తన పేరు కనిపించింది. తేదీ. మూడో మంచం.

చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

కాగితం విప్పింది. రెండూ నాలుగు దగ్గర, కత్తిరించిన అంచున, గీత ఇంకా కొండల్లా ఎత్తుగా ఉంది. నూట నలభై దగ్గర. అక్కడ్నించి లోయలోకి జారింది. వంద. ఎనభై. అరవై. మళ్ళీ లేవలేదు. అంచున నీలం పెన్నుతో వాలు రాత, తొందరలో రాసింది.

2.04 బిడ్డ గుండె తగ్గుతోంది. ఎడమ పక్కకి తిప్పాను. ఆక్సిజన్ పెట్టాను.
2.10 డాక్టరు గారికి ఫోన్. ఎత్తలేదు.
2.17 మళ్ళీ ఫోన్. వస్తున్నానన్నారు.
2.30 రాలేదు.
2.38 నేనే పరిగెత్తి వెళ్ళాను. గదిలో లేరు.
2.51 బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

ఆరు వరసలు. తల్లి సహకరించలేదన్న మాట ఎక్కడా లేదు. ఆమె గొంతులోంచి ఏడుపో నవ్వో తెలియని శబ్దం ఒకటి వచ్చింది.

టార్చి ఆరిపోయింది.

చీకటి. ఊపిరి. తనదే అనుకుంది. బిగపట్టి చూసింది. ఊపిరి ఇంకా వినిపిస్తోంది...

తలుపు దగ్గర రబ్బరు చెప్పు నేల మీద కిచుమంది. ఒక అడుగు. ఇంకో అడుగు. ఫినాయిలు వాసన ముంచెత్తింది. చల్లటి వేళ్ళు రెండు ఆమె మణికట్టు వెతికి పట్టుకున్నాయి. గట్టిగా కాదు. నాడి చూసే మనిషి పట్టుకున్నట్టు. రబ్బరు తొడుగు వేసుకున్న వేళ్ళు.

"ఎనభై... తొంభై..." చెవి పక్కనే, అలిసిపోయిన గుసగుస. "రాశానమ్మా... అన్నీ రాశాను... ఇంకా రాస్తున్నాను..."

వేళ్ళు వదిలేశాయి.

ఆమె ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. మంచం కోడు మోకాలికి కొట్టుకుంది, గోడ భుజానికి తగిలింది. వెలుతురు కనిపించేసరికి కాపలా ముసలాయన ఎదురొచ్చి రెక్క పట్టుకున్నాడు.

"ఏమ్మా, ముప్పావు గంట నుంచీ పిలుస్తున్నాను, పలకవే?"

ఆమెకి ఒక్క పిలుపూ వినపడలేదు.

వదిన ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. "ఇదేంటే ఇది?" మణికట్టు మీద తెల్లటి పొడి, రెండు వేళ్ళ మేర. ఆస్పత్రి తొడుగుల్లో ఉండే పొడి. తుడిస్తే పోయింది.

"దొరికింది వదినా," అని మాత్రమే అనగలిగింది.

* * *

ఆ సాయంత్రం ఆటోలో వదిన ఫోనుతో కాగితాన్ని ఫోటో తీసింది. కుదుపుల్లో అది మసకగా వచ్చింది. ఇంటికెళ్ళేసరికి చిట్టికి మూర్ఛ మొదలైంది. మందు వేసి, ఒళ్ళు తుడిచి, పిల్ల స్థిమితపడేసరికి అర్ధరాత్రి దాటింది. వానకి తడవకూడదని టీచరు కాగితాన్ని దళసరి ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎవరూ కదపకుండా ఫ్రిజ్ మీద పెట్టింది. జాగ్రత్త అనే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే చిట్టిని ఎత్తుకునే ఆస్పత్రి పెద్ద డాక్టరు గది ముందు మూడు గంటలు నిలబడితే లోపలికి రానిచ్చారు. ఆయన కవరులోంచి కాగితం తీసి, కిటికీ వెలుగులో ఇటూ అటూ తిప్పాడు.

"ఇందులో ఏముందమ్మా?"

ఆమె లాక్కుని చూసింది. గీత లేదు. కొండలు లేవు, లోయ లేదు. పేరు, తేదీ కూడా లేవు. తెల్లటి కాగితం, దాని అంచున నీలం రంగు వరసలు మాత్రం.

"ఇది వేడికి అచ్చుపడే కాగితం. బస్సు టికెట్టు లాంటిదే," అన్నాడాయన, పాఠం చెబుతున్నట్టు. "ప్లాస్టిక్‌లో పెట్టినా, వేడి తగిలినా అచ్చు ఎగిరిపోతుంది. ఎవరు పెట్టమన్నారు?"

"నేనే," అంది. ఏడాదిన్నర వెతికి, ఒక్క రాత్రిలో తన చేత్తోనే చెరిపేసింది. ఫ్రిజ్ మీద వేడి సంగతి ఆమెకి తట్టనే లేదు.

"రాత ఉంది కదండీ! మీ నర్సు రాసిందే. చదవండి. రెండూ పదికి ఫోన్ చేస్తే ఎత్తలేదట. రెండూ ముప్ఫైకి కూడా రాలేదట. చదవండి!" ఆరు వరసలూ తనే పైకి చదివి వినిపించింది.

"పెన్నుతో ఎవరైనా రాసుకోవచ్చు కదమ్మా. ఆవిడ పోయింది. పైన అచ్చు లేనప్పుడు ఇది ఎవరి కాగితమని చెప్పను?"

వదిన ఫోను ముందుకి చాపింది. ఆయన ఫోటోని పెద్దది చేసి, చిన్నది చేసి, "దుప్పటి ఫోటోలా ఉంది," అని తిరిగి ఇచ్చేశాడు.

"ఆ రోజు రాని డాక్టరు ఎవరు? అదైనా చెప్పండి," అంది టీచరు.

"ఆయన డ్యూటీలోనే ఉన్నారు. పక్క బ్లాకులో ఇప్పుడు కూడా ఆపరేషన్ చేస్తున్నారు." గంట నొక్కాడు. "మీ బాధ నాకు అర్థమైంది. కొత్త అర్జీ పెట్టుకోండి."

బయటికొచ్చాక వదిన తిట్లకి ఆస్పత్రి పావురాలు కూడా లేచిపోయాయి. ఆవరణ చివర లారీ ఆగి ఉంది. మనుషులు అట్టపెట్టెలు విసురుతున్నారు.

* * *

ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. భర్త బస్సు డ్యూటీలో ఉన్నాడు. వదిన కొట్టు తెరవడానికి వెళ్తూ, "కాస్త నడుం వాల్చు. కళ్ళు చూడు ఎలా ఉన్నాయో. పిల్ల పడుకునే ఉందిగా," అంది. చిట్టి మందు మత్తులో పక్కకి తిరిగి పడుకుని ఉంది. చిన్న వీపు పైకీ కిందకీ కదులుతోంది.

టీచరు కాగితాన్ని బల్ల మీద పరిచింది. ఒక్కసారి గీత మళ్ళీ కనిపిస్తుందేమోనన్న పిచ్చి ఆశ. వెలుగుకి ఎత్తిపట్టుకుంది, వాల్చి చూసింది. ఏమీ లేదు. వాడిపోయిన తెలుపు. కనీసం రాతైనా ఇంకో పుస్తకంలోకి ఎక్కించుకుందామని పెన్ను తీసుకుని, వేలితో వరసలు లెక్కపెట్టింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.

వేలు ఆగలేదు. ఇంకో వరస ఉంది.

మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టింది. లెక్కల టీచరు. ఆరుకీ ఏడుకీ తేడా తెలియనిది కాదు. పొద్దున పెద్ద డాక్టరు ముందు తనే పైకి చదివింది. ఆరే చదివింది.

అదే నీలం పెన్ను. అదే వాలు రాత, అదే తొందర. బిడ్డ పుట్టింది, ఏడవలేదు అన్న మాట కిందే రాసి ఉంది.

3.20 పాపకి ఊపిరి అందడం లేదు. ఎడమ పక్కకి తిప్పాను. తల్లి నిద్రలో ఉంది. లేపుతున్నాను. తల్లి లే

అక్కడితో ఆగిపోయింది. లేచిందో, లేవలేదో రాయలేదు. తేదీ లేదు. పగలో రాత్రో లేదు.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. ఆమె వంగి ఆ చివరి అక్షరం మీద వేలు పెట్టింది. వేలికి నీలం అంటింది.

ఇంకు ఇంకా ఆరలేదు.